థామస్ క్రాంవెల్: కమ్మరి యింటి మంత్రి

పదునారవ శతాబ్దపు పూర్వభాగమున ఇంగ్లండు దేశమును పాలించిన ఎనిమిదవ హెన్రీ ఆరుగురు భార్యలను పెండ్లాడిన రాజుగా లోకమునకు సుపరిచితుడు. వారిలో ఇద్దరు అతని యాజ్ఞ చేతనే శిరచ్ఛేదము పొందిరి. రాజు కథ ఎల్లరకు తెలిసినదే. ఆ రాజు కోరికలను చట్టములుగా మార్చి, దేశమందలి మతవ్యవస్థను, భూముల యాజమాన్యమును పదియేండ్లలో తారుమారు చేసిన మంత్రి కథ మాత్రము అంతగా వినబడదు. ఆతడే థామస్ క్రాంవెల్. నూరేండ్ల తరువాత రాజు నెదిరించి రాజ్యమేలిన ఆలివర్ క్రాంవెల్ వేరొకడు. అతడు ఈ థామస్ తోబుట్టువు వంశమున పుట్టినవాడు.

థామస్ 1485 ప్రాంతమున, లండను నగర సమీపమున థేమ్సు నది యొడ్డున గల పట్నీ గ్రామమున జన్మించెను. పుట్టిన తేదీ ఎచ్చటను వ్రాసియుండలేదు. సామాన్యుల పుట్టుకలను ఊరూర వ్రాసియుంచు ఏర్పాటు ఆనాడు ఆ దేశమున లేదు. తండ్రి వాల్టరు కమ్మరి పని, ఉన్నిబట్టల పని, బార్లీ మద్యము కాచి అమ్ముట మున్నగు వృత్తులను కలిపి చేసికొనుచు జీవించెడివాడు. మద్యమును పరీక్షకు పెట్టక అమ్మినందుకు గ్రామ న్యాయస్థానమున పలుమారులు జరిమానా చెల్లించినట్లు ఆనాటి కవిలెలలో నున్నది. తండ్రితో పొసగకయో, లోకము చూడవలెనను కోరిక చేతనో, కుమారుడు యౌవనారంభముననే ఇల్లు విడిచి సముద్రము దాటెను.

ఆ సంచార దినములను గూర్చి కథలు పెక్కు కలవు. ఇటలీలో ఫ్రెంచి సేనయందు జీతపు సిపాయిగా పోరాడెననియు, సేన ఓడిపోగా ఫ్లారెన్సు వీథులలో ఆకలితో తిరుగుచుండ ఫ్రెస్కోబాల్డి అను షాహుకారు చేరదీసెననియు చెప్పుదురు. కథకులు వీనికి కొంత రంగు పూసియుండవచ్చును. ఆంట్‌వర్పు రేవులోని బట్టల వర్తకుల నడుమ కొంతకాలము మెలగెననుట, ఇటాలియను, ఫ్రెంచి, లాటిను భాషలను చక్కగా నేర్చెననుట మాత్రము సత్యము. రోమునకు చేసిన యొక దీర్ఘ ప్రయాణములో, ఎరాస్మసు పండితుడు లాటినులోనికి తెచ్చిన క్రొత్త నిబంధనను కంఠస్థము చేసెనని కూడ ప్రతీతి. విశ్వవిద్యాలయపు గడప త్రొక్కని యీతనికి చదువు దారివెంట దొరకెను.

స్వదేశమునకు మరలివచ్చి లండనులో న్యాయవాదిగాను, వర్తకుడుగాను స్థిరపడెను. ఎలిజబెత్ అను నామెను వివాహమాడి ఒక కుమారుని, ఇద్దరు కుమార్తెలను పొందెను. 1523లో పార్లమెంటు సభ్యుడయ్యెను. ఆ సభ పదునేడు వారములు ఎడతెగక చర్చించి, ఎక్కడ మొదలిడెనో అక్కడనే ముగిసినదని పరిహాసముగా ఒక మిత్రునకు లేఖ వ్రాసెను. పార్లమెంటును చూచి నవ్విన యీ మనుష్యుడే పదియేండ్లలో అదే పార్లమెంటును ఎవ్వరును ఉపయోగింపని విధముగా ఉపయోగింపనుండెను.

ఆ కాలమున రాజు తరువాత రాజంతటివాడు కార్డినల్ ఊల్సీ. ఆతడును గొప్ప యింటి బిడ్డ కాడు. ఇప్స్విచ్ పట్టణమున మాంసము అమ్మువాని కుమారుడందురు. క్రాంవెల్ ఆతని కొలువున చేరి, కొన్ని చిన్న మఠములను మూయించి వాని ఆదాయమును ఊల్సీ స్థాపింపదలచిన విద్యాలయములకు మార్చు పనిని నెరవేర్చెను. మఠముల దస్తావేజులు ఎట్లుండునో, భూములెన్నియో, లోపల సన్యాసులెందరో, ఈ పనివలన ఆతనికి కరతలామలకమయ్యెను.

1529 ఆతని జీవితమున చెడ్డ సంవత్సరము. భార్య గతించెను. ఆ యేడు జూలైలో ఆతడు వ్రాసిన వీలునామా నేటికిని నిలిచియున్నది. అందు కుమార్తెలిద్దరకు వ్రాసిన భాగములు తరువాత కలముతో కొట్టివేయబడియున్నవి. వారును చిన్నతనముననే మరణించిరి. ఆ శరదృతువుననే యజమానియైన ఊల్సీ అధికారమును కోల్పోయెను.

ఊల్సీ పతనమునకు కారణము రాజు పెండ్లి వ్యవహారము. హెన్రీ తన యన్న ఆర్థరు భార్యయై వితంతువైన కాథరిన్ రాణిని పెండ్లాడియుండెను. ఆమెకు మేరీ అను కుమార్తె తప్ప వేరు సంతానము దక్కలేదు. మగబిడ్డ లేనిచో రాజ్యము అంతఃకలహముల పాలగునని రాజు భయము. దానికి తోడు ఆన్ బొలీన్ అను యువతిపై ఆతనికి మనసు కలిగెను. మొదటి వివాహము చెల్లదని తీర్పు చెప్పవలసినవాడు రోములోని పోపు. 1527లో రోమును దోచుకొనిన సేనలు కాథరిన్ మేనల్లుడైన ఐదవ చార్లెసు చక్రవర్తివి. అట్టి చక్రవర్తికి కోపము తెప్పించు తీర్పును పోపు ఎట్లు చెప్పగలడు? ఏండ్లు గడచెను, తీర్పు రాలేదు. ఆ తీర్పును తేలేకపోయిన ఊల్సీపై రాజు కోపము విరుచుకపడెను.

యజమాని పడిపోగా సేవకులు చెల్లాచెదరగుట రాజాస్థానములలో సామాన్యము. ఆ నవంబరు ఒకటవ తేదీ ఉదయమున, ఈషరు అను చోట ఊల్సీ విడిది యింటిలో, క్రాంవెల్ కిటికీ యొద్ద ప్రార్థన పుస్తకము పట్టుకొని కన్నీరు కార్చుచుండగా తోటి ఉద్యోగి కావెండిష్ చూచి, దానిని తరువాత ఊల్సీ చరిత్రమున వ్రాసెను. అవి యజమాని కొరకు కార్చిన కన్నీళ్లా, తన కొరకు కార్చినవా అను ప్రశ్నకు రెండును కలసియుండునని చెప్పుటయే న్యాయము. ఆనాడే ఆతడు లండనునకు పోయి, కొలదిదినములలో పార్లమెంటున స్థానము సంపాదించి, అందు ఊల్సీ పక్షమున మాటలాడెను. పడినవానిని విడువని యీ గుణము రాజు దృష్టి నాకర్షించెను. 1530 చివరకు క్రాంవెల్ రాజు సలహాదారులలో ఒకడయ్యెను. అప్పటికి ఊల్సీ మరణించియుండెను.

క్రాంవెల్ పన్నిన ఉపాయము వినుటకు సులభముగా తోచును. పోపును తీర్పు అడుగుట యెందుకు? ఇంగ్లండు స్వతంత్ర సామ్రాజ్యమనియు, ఆ దేశపు వ్యాజ్యములు రోమునకు పోరాదనియు పార్లమెంటు చేతనే శాసనము చేయించినచో చిక్కు విడిపోవును గదా. 1533లో ఆ శాసనము వెలువడెను. ఆతడు స్వహస్తముతో దిద్దిన చిత్తుప్రతులు ఇప్పటికిని కలవు. ఆ మే నెలలో క్రాన్మర్ ఆర్చిబిషప్పు రాజు మొదటి వివాహము చెల్లదని ప్రకటించెను. జూన్ ఒకటవ తేదీన ఆన్ రాణిగా పట్టాభిషిక్తురాలయ్యెను. 1534లో ఇంగ్లండు చర్చికి రాజే శిరస్సు అను చట్టము వచ్చెను. కత్తి దూయకుండ, సేన కదలకుండ, కాగితముపై సిరాతో ఒక దేశము తొమ్మిదివందల యేండ్లనాటి సంబంధమును తెంచుకొనెను.

కాని కత్తి వెనుకనే వచ్చెను. క్రొత్త ఏర్పాటును అంగీకరించుచు ప్రజలందరు ప్రమాణము చేయవలెనని నిర్బంధించిరి. మాజీ ఛాన్సలరును, యుటోపియా గ్రంథకర్తయు నగు థామస్ మోర్ ప్రమాణము చేయలేదు. కారణమును చెప్పలేదు, మౌనము వహించెను. ఆతనిని ఒప్పించుటకు క్రాంవెల్ చెరసాలకు పలుమారులు పోయెను. మోర్ చచ్చుట క్రాంవెల్‌కు ఇష్టము కాదనియే తోచును. అయినను మౌనమును నేరముగా నిరూపింపవలసి వచ్చినపుడు ఆ వ్యవహారమును నడిపినవాడు ఈతడే. 1535 జూన్‌లో ముసలి బిషప్పు ఫిషర్, జూలై 6వ తేదీన మోర్ వధింపబడిరి. ఆ మరుసటి సంవత్సరము ఆన్ బొలీన్ వంతు వచ్చెను. మగబిడ్డను కనలేదు, రాజునకు విసుగు పుట్టెను, క్రాంవెల్‌తోను ఆమెకు వైరము ముదిరెను. వ్యభిచార నేరము మోపి, ఆమె సోదరునితో సహా ఐదుగురు పురుషులను ముందు చంపి, 1536 మే 19వ తేదీన ఆమెను చంపిరి. ఆమెను రాణిని చేయుటకు చట్టము వ్రాసిన చేయియే ఈ వ్యూహమును పన్నెనని ఆతడే చక్రవర్తి రాయబారితో చెప్పుకొనెను. ఈ విషయమున క్రాంవెల్‌ను సమర్థించుటకు ఏ మార్గమును లేదు.

చేయవలసిన పనులను జ్ఞాపకార్థము చీటీలపై వ్రాసికొనుట ఆతని అలవాటు. అట్టి చీటీలు అనేకములు దొరకినవి. 1539 నాటి యొక చీటీలో రెడింగు మఠాధిపతిని ఆ ఊరికి పంపి విచారించి మరణశిక్ష అమలు జరుపవలెనని ఒకే వరుసలో వ్రాసియున్నది. విచారణకు ముందే శిక్ష నిశ్చయమైనది. ఇంటి ఖర్చుల జాబితాలో ఉప్పు, పప్పు వ్రాసికొనినట్లు ఒక మనుష్యుని ప్రాణము అందు వ్రాయబడెను.

ఆ మఠముల సంగతి కొంత వివరముగా చెప్పవలసియున్నది. ఇంగ్లండున ఎనిమిదివందల వరకు మఠములుండెను. బాటసారులకు బస, పేదలకు అన్నము, రోగులకు మందు అచ్చట దొరకెడివి. సోమరితనము, అవినీతి కూడ కొన్నిచోట్ల లేకపోలేదు. 1535లో క్రాంవెల్ చర్చి ఆస్తులన్నింటిని లెక్కవ్రాయించెను. 1536లో సాలునకు 200 పౌనులకు తక్కువ ఆదాయముగల మఠములు రద్దయ్యెను. 1540 మార్చి నాటికి ఒక్కటియు మిగులలేదు. భూములు రాజు వశమై, తరువాత పెద్దలకు, డబ్బుగలవారికి అమ్ముడుపోయెను. పైకప్పుల సీసమును కరగించిరి, గంటలను పగులగొట్టిరి. గ్రంథాలయములకు కలిగిన నష్టమునకు పరిహారము లేదు. శతాబ్దములు చేతితో వ్రాసి కూర్చిన పుస్తకములను కిరాణా వర్తకులకు, సబ్బు అమ్మువారికి పొట్లముల కొరకు అమ్మిరనియు, కొన్నింటి కాగితములతో బూట్లు తుడుచుకొనిరనియు, ఓడలకొలది పుస్తకములు బైండు చేయువారికై విదేశములకు పోయెననియు 1549లో జాన్ బేల్ బాధతో వ్రాసెను. ఈ బేల్ మఠములకు మిత్రుడు కాడు. మఠముల రద్దును మెచ్చినవాడే. పుస్తకముల గతికి మాత్రము ఆతని మనసు నొచ్చెను.

ఉత్తరదేశపు ప్రజలు సహింపలేదు. 1536 అక్టోబరులో యార్కుషైరు ప్రాంతమున ముప్పదివేలకు మించిన జనము మఠములను నిలుపవలెనని, క్రాంవెల్ వంటి నీచకులజులను రాజసభనుండి తొలగింపవలెనని ఆయుధములతో లేచెను. వారిని అణచునంత సేన రాజునొద్ద లేదు. నార్ఫోక్ డ్యూకు రాజు పేర వాగ్దానములు చేసి వారిని ఇండ్లకు పంపెను. ఇంటికి పోయిన సేన మరల కూడదు. మరుసటి సంవత్సరము మరికొన్ని అల్లరులు నెపముగా సుమారు రెండువందల మందిని చంపిరి. నాయకుడైన రాబర్ట్ ఆస్కును యార్కు నగరమున ఉరితీసిరి.

ఇంత నష్టము చేసిన చేతులే ఒక మేలును కూడ చేసినవి. 1538లో క్రాంవెల్ ఆజ్ఞయొకటి ఊరూరి చర్చికి పోయెను. ప్రతి చర్చియందును ఇంగ్లీషు బైబిలును అందరును చదువుకొనుటకు వీలగు చోట ఉంచవలెననియు, చదువగోరినవారిని ఎవ్వరును ఆపరాదనియు దాని సారము. అంతకుముందు ఆ గ్రంథమును ఇంగ్లీషులోనికి తెచ్చిన టిండేలు పరదేశమున ప్రాణములనే కోల్పోయెను. క్రొత్త ముద్రణ పారిసులో మొదలయ్యెను. అచ్చటి మతాధికారులు అచ్చుకాగితములను పట్టుకొనగా, అచ్చుయంత్రములను, అక్షరములను, పనివారిని లండనునకు తెప్పించి 1539లో పూర్తిచేయించిరి. దీనికై క్రాంవెల్ 400 పౌనుల స్వంతధనము వెచ్చించెను.

చెమ్స్‌ఫర్డు అను ఊర కొందరు పేదలు డబ్బు కూర్చి క్రొత్త నిబంధనను కొని, ఆదివారములందు చర్చిలో ఒక మూల కూర్చుండి చదువుచుండ జనులు మూగి వినెడివారు. వినుచున్న ఒక బాలుని తండ్రి కోపించి ఈడ్చుకొనిపోయెను. ఆ బాలుడు పట్టుదలతో అక్షరములు నేర్చి, తండ్రియొద్ద పనినేర్చుకొను కుర్రవానితో కలసి ఒక పుస్తకము కొని, పడక క్రింది గడ్డిలో దాచి చదివెను. తండ్రి కోపముతో ఆతని మెడకు ఉరి బిగించువరకు వచ్చెను. ఒక పుస్తకమును నలుగురును చదువవచ్చుననుట ఆనాడు ఎంత పెద్ద మాటయో ఈ యొక్క సంగతి చాలును.

అదే ఆజ్ఞలో మరియొక విధియు కలదు. ప్రతి చర్చిలోను ఒక పుస్తకముంచి ఆ గ్రామమందలి జ్ఞానస్నానములను, పెండ్లిండ్లను, ఖననములను వారము వారము వ్రాయవలెనని దాని తాత్పర్యము. ఇది పన్ను వేయుటకు ఎత్తుగడయని పలుచోట్ల జనులు గొణగిరి. సర్కారువారు లెక్కలు వ్రాయించిన ప్రతిచోటను ఈ అనుమానము సహజమే.

సొంత మనుష్యునిగా క్రాంవెల్ ఎట్టివాడు? జాన్ స్టో అను చరిత్రకారుడు లండనును గూర్చిన తన గ్రంథమున రెండు సంగతులు వ్రాసెను. క్రాంవెల్ ఆస్టిన్ ఫ్రయర్సు దాపున గొప్ప భవనము కట్టించినపుడు, పొరుగున నున్న స్టో తండ్రికి చెప్పనైన చెప్పక, ఆతని తోటలోని యింటిని పునాదుల నుండి లేపి, దొర్లు దుంగలపై 22 అడుగులు వెనుకకు జరిపించి, ఆ నేలను కలుపుకొనెను. అడుగుటకు ఎవ్వరికిని ధైర్యము లేకపోయెను. తగ్గిన తోటకు అద్దె మాత్రము మునుపటివలెనే చెల్లింపవలసి వచ్చెను. ఆ స్టోయే మరియొకచోట, క్రాంవెల్ వాకిట దినమునకు రెండుమారులు రెండువందల మందికి పైగా పేదలకు రొట్టె, మాంసము, పానీయము పెట్టుట తాను చిన్ననాడు కన్నులార చూచితినని వ్రాసెను. నేల పోగొట్టుకొనిన యింటివాడు ఈ రెండవ మాటను దాచలేదు.

1537లో మూడవ రాణి జేన్ ఎడ్వర్డు అను కుమారుని కని పండ్రెండు దినములకు మరణించెను. మరల రాజునకు వధువు కావలెను. జర్మను ప్రొటెస్టంటు ప్రభువులతో మైత్రి కోరిన క్రాంవెల్ క్లీవ్సు డ్యూకు సోదరియగు ఆన్‌ను తెచ్చుటకు ఏర్పాట్లు చేసెను. హోల్‌బైన్ వ్రాసిన చిత్రపటమును చూచి రాజు సమ్మతించెను. 1540 జనవరిలో మనిషిని చూచిన క్షణమున మొగము చిట్లించెను. మాట తప్పుటకు వీలులేక ఆ నెల 6వ తేదీన పెండ్లాడెను గాని భార్యగా స్వీకరింపలేదు. ఇంతలో నార్ఫోక్ డ్యూకు తన తమ్ముని కూతురగు కాథరిన్ హోవర్డును రాజు కంటబడునట్లు చేసెను. కమ్మరి కొడుకు తనకంటె ముందు కూర్చుండుట ఆ ప్రభువునకు ఏండ్లుగా కంటిలో నలుసు. గార్డినర్ బిషప్పు ఆతనికి తోడయ్యెను. వీరు క్రాంవెల్‌ను మతద్రోహిగా చూపిరి.

ఏప్రిల్‌లో రాజు క్రాంవెల్‌ను ఎసెక్సు ప్రభువును చేసెను. జూన్ 10వ తేదీన మంత్రిసభలో కూర్చుండబోవుచుండగా భటులు వచ్చి బంధించిరి. నార్ఫోక్ ముందుకు వచ్చి ఆతని మెడలోని బిరుదు పతకమును లాగివేసెను. విచారణ లేదు. విచారణ లేకుండ పార్లమెంటు శాసనముతోనే ఒకనిని ద్రోహిగా నిర్ణయించు పద్ధతి యొకటి కలదు. మునుపటి సంవత్సరమే క్రాంవెల్ దానిని ముసలియైన సాలిస్‌బరీ ప్రభుపత్నిపై ప్రయోగించియుండెను. ఇపుడు ఆ పద్ధతియే ఆతనిపై ప్రయోగింపబడెను. రాజాస్థానమున ఆతని పక్షమున కలము పట్టినవాడు క్రాన్మర్ ఒక్కడే. ఆతడును భయపడుచు వ్రాసెను. రాజునకు ఇంకొక అవసరము మిగిలెను: క్లీవ్సు పెండ్లి రద్దగుటకు క్రాంవెల్ సాక్ష్యము కావలెను. చెరసాలనుండి ఆతడు ఆ సాక్ష్యము వ్రాసి పంపుచు, చివర దయకై ముమ్మారు వేడుకొనెను. సాక్ష్యమును స్వీకరించిరి, దయ రాలేదు. 1540 జూలై 28వ తేదీన టవర్ హిల్లుపై ఆతని శిరస్సు ఖండించిరి. ఆ దినముననే రాజు కాథరిన్ హోవర్డును పెండ్లాడెను.

బైబిలు ముఖపత్రముపై రాజు గ్రంథమును ఇచ్చుచుండగా క్రాన్మర్ మతగురువులకు, క్రాంవెల్ గృహస్థులకు పంచుచున్న చిత్రము ఉండెడిది. క్రాంవెల్ బొమ్మక్రింద ఆతని కులచిహ్నముండెను. ఆ సంవత్సరాంతపు ముద్రణలో చిహ్నమును చెక్కివేయగా గుండ్రని తెల్లచోటు మిగిలెను. ఎనిమిది నెలలు గడువకమునుపే రాజు, తనకు లభించిన సేవకులందరిలో నమ్మకమైనవానిని చిల్లర కారణములతో చంపించితిరని మంత్రులను నిందించుచున్నాడని ఫ్రెంచి రాయబారి తన ప్రభువునకు వ్రాసెను. నార్ఫోక్ మేనకోడలు, తమ్ముని కూతురు ఇరువురును రాణులై వధ్యశిల కెక్కిరి. కుమారుడు సర్రే 1547 జనవరిలో ప్రాణము కోల్పోయెను. మరుసటి ఉదయమున చావవలసిన నార్ఫోక్, ఆ రాత్రియే హెన్రీ మరణించుటవలన బ్రతికిపోయెను.

1543లో ఇంగ్లీషు బైబిలును పనివారు, సేద్యగాండ్రు, కూలివారు, సామాన్య స్త్రీలు చదువరాదని చట్టము చేసిరి. హెన్రీ పోయిన సంవత్సరమే ఆ చట్టమును ఎత్తివేసిరి. చర్చిలలోని జనన మరణ పుస్తకములు మాత్రము ఆగక సాగెను. క్రాంవెల్ గతించిన ఇరువదినాలుగేండ్లకు, స్ట్రాట్‌ఫర్డు అను ఊర చేతితొడుగులు కుట్టి అమ్ముకొను జాన్ అను గృహస్థునకు కుమారుడు కలుగగా, 1564 ఏప్రిల్ 26వ తేదీన జ్ఞానస్నానము జరిగినట్లు అచ్చటి పుస్తకమున ఒక పంక్తి వ్రాసిరి. ఆ శిశువు పేరు విలియం షేక్‌స్పియరు.